అవును-కాదుల వరుస

ఆంగ్ల గణితవేత్త జార్జ్ బూల్ 1854లో వెలువరించిన గ్రంథంలో తర్కాన్ని బీజగణితంగా మలిచాడు. సత్యం, అసత్యం అనే రెండే విలువలు గల రాశికి ‘బూలియన్’ అని పేరు వచ్చింది ఆయన వల్లనే. అట్టి విలువలను ఒకే వరుసలో కూర్చినది ఏకపరిమాణ బూలియన్ అరే.

2014 అక్టోబరు మాసాన్ని ఉదాహరణగా గ్రహిద్దాం. పైథాన్ భాషకు అనుబంధమైన నమ్‌పైలో ‘జీరోస్’ అనే ప్రమేయానికి 31 అనే సంఖ్యను, ‘బూల్’ అనే రకాన్ని అందిస్తే, అన్నీ ‘ఫాల్స్’గా గల 31 గడులు ఏర్పడతాయి. ‘ఒన్స్’ వాడితే అన్నీ ‘ట్రూ’. రకాన్ని పేర్కొనకుంటే దశాంశ సంఖ్యలు వస్తాయి. గడికి 1 బైటుకు బదులు 8 బైట్లు పడతాయి. వాటితో ఎంపిక సాధ్యం కాదు.

హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటిన 12వ తేదీని ఇప్పుడు ‘ట్రూ’ చేయాలి. గడుల లెక్క సున్నాతో మొదలవుతుంది గనుక ఆ తేదీ గడి సంఖ్య 11. పొరపాటున 12 అని వ్రాస్తే యంత్రం అభ్యంతరం చెప్పదు. ఆ మాసపు దినవారీ గాలివేగాల నుండి ఈ గుర్తుతో విలువను ఏరినప్పుడు, 13వ తేదీ వేగమే తుపాను వేగంగా మన పట్టికలో చేరుతుంది. కనుక ‘ట్రూ’ అని గుర్తించిన ప్రతి గడి ఏ తేదీదో సరిచూచుకొనుట విద్యార్థి ధర్మం.