పిండి కొద్దీ రొట్టె, గాలి కొద్దీ పైపు

టర్బో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరితే తప్పకుండా వచ్చే తగాదా ఒకటుంది. ఇంటర్‌కూలర్ పైపు రెండున్నర అంగుళాలు చాలా, మూడు కావాలా? "పెద్దదైతే పవర్ ఎక్కువ" అని ఒకరంటే, "పెద్దదైతే లాగ్ ఎక్కువ" అని ఇంకొకరు. రోజంతా బాండ్‌విడ్త్, లేటెన్సీలతో కుస్తీ పట్టే మనకి ఈ వాదన కొత్తేమీ కాదు. నా 1993 మాజ్దా ఆర్‌ఎక్స్-7కి సింగిల్ టర్బో పెట్టినప్పుడు ఈ తగాదాలో దూరకుండా కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. ఆ లెక్కే ఇది.

ముందు ఇంజను సంగతి. 13బి రోటరీలో రెండు రోటర్లు. ఒక్కొక్కటి 654 సి.సి., మొత్తం 1,308. అంకె చూసి చిన్న ఇంజననుకోకండి. మామూలు ఫోర్ స్ట్రోక్ పిస్టన్ ఇంజను తన కొలతంతా గాలి పీల్చడానికి షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. రోటరీకి ఒక్క చుట్టు చాలు. అంటే గాలి విషయంలో ఇది 2.6 లీటర్ల ఇంజనుతో సమానం.

షాఫ్టు 7,000 ఆర్.పి.ఎం. మీద తిరుగుతుంటే, ప్రతిసారీ పూర్తిగా నిండుతుందనుకుంటే, ఇంజను సెకనుకి సుమారు 153 లీటర్లు మింగుతుంది. బూస్ట్ 14.5 పి.ఎస్.ఐ., పైపులో గాలి 50 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. లోపలి వ్యాసం 2 అంగుళాలైతే గాలి వేగం సెకనుకి 75 మీటర్లు, రెండున్నరైతే 48, మూడైతే 33. పీడన నష్టం వేగపు వర్గంతో పెరుగుతుంది. రెండు మీటర్ల పైపు, నాలుగు వంపులు ఉంటే నష్టం వరసగా సుమారు 1.75, 0.65, 0.3 పి.ఎస్.ఐ. వస్తుంది. రెండు నుంచి రెండున్నరకి వెళ్తే లాభం ఒక పి.ఎస్.ఐ. పైమాటే. అక్కణ్ణించి మూడుకి వెళ్తే దక్కేది అందులో మూడో వంతు.

మరి లాగ్ సంగతి? ఆ రెండు మీటర్లలో రెండున్నర అంగుళాల పైపు 6.3 లీటర్లు పడుతుంది, మూడంగుళాలది 9.1. తేడా 2.8 లీటర్లు. 3,000 ఆర్.పి.ఎం. దగ్గరే ఇంజను సెకనుకి 65 లీటర్లు తాగుతోంటే, ఈ 2.8 లీటర్లు ఏ మూలకి? మనం ఎదురుచూసే సమయంలో ఎక్కువ భాగం టర్బో చక్రం వేగం అందుకోవడానికే పోతుంది. ఆ నింద పైపు మీద వేయడం అన్యాయం.

అరా పి.ఎస్.ఐ., ఒకటా అని తీసిపారేయకండి. పైపులో పోయిన పీడనాన్ని టర్బో అదనంగా తయారుచెయ్యాలి. అంటే గాలి ఇంకా వేడెక్కుతుంది. వేడి గాలి డిటోనేషన్‌కి దగ్గరి చుట్టం. రోటరీలో దాని దెబ్బ నేరుగా 2 మిల్లీమీటర్ల మందం ఉన్న అపెక్స్ సీళ్ళ మీద పడుతుంది. సీలు విరిగితే ముక్క హౌసింగ్‌ని గీకేస్తుంది, ఎగ్జాస్టులోంచి వెళ్ళి టర్బోని కూడా పాడుచెయ్యగలదు. ఇక ఇంజను దింపి విప్పడమే.

అందుకని రోడ్డు మీద తిరిగే, సుమారు 400 హార్స్‌పవర్ లోపు కారుకి నా ఓటు రెండున్నరకే. బూస్ట్ 22 పి.ఎస్.ఐ.కి, వేగం 8,000 ఆర్.పి.ఎం.కి పెంచితే అదే పైపులో నష్టం ఒక పి.ఎస్.ఐ. దాటుతుంది. అప్పుడు మూడుకి అర్థం ఉంది. కొనేటప్పుడు ఒక్క మాట: అల్యూమినియం పైపులకి సాధారణంగా చెప్పేది బయటి కొలత. గోడ మందం 1.6 మిల్లీమీటర్లయితే 63.5 కాస్తా లోపల 60.3 అవుతుంది.

అన్నిటికన్నా ముందు కొలవండి. టర్బో దగ్గర, ఇంటర్‌కూలర్‌కి అటూ ఇటూ, ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర గేజి పెట్టి చూడండి. ప్రొఫైలర్ నడపకుండా కోడ్ తిరగరాస్తామా? ఒత్తిడంతా ఇంటర్‌కూలర్‌లోనే పోతున్నట్టు తేలితే, ఎంత లావు పైపు వేసినా దండగే. నేను కొలిచాకే రెండున్నర దగ్గర ఆగాను. మిగిలిన డబ్బు మంచి క్లాంపులకీ, పైపు చివర గొట్టం జారకుండా గట్టు తీయించడానికీ సరిపోయింది.