చావు జరిగిన ఇంటికి సెలవు కావాలి



ఇంట్లో మనిషిని మట్టి చేసిన మర్నాడే పనికి పోవలసిన వారు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. ఇలాంటి వారికి యజమానులు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉండాలా? ఆరోగ్యం దృష్ట్యా ఆలోచిద్దాం.

దుఃఖం మనసుకే కాదు, శరీరానికీ దెబ్బే. నిద్ర పట్టదు, అన్నం సహించదు. బి.పి., షుగరు మాత్రలు మరచిపోతారు. ఆత్మీయులు పోయిన తొలి రోజుల్లో గుండెపోటు ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు తెలిపాయి. నిద్రలేని మనిషి బండి నడిపినా, యంత్రం దగ్గర నిలబడినా ప్రమాదమే.

కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి సంగతి చూడండి. బిడ్డ లేకున్నా రెండు మూడు రోజులకు పాలు పడతాయి. గర్భసంచి మామూలు స్థితికి రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. ఆమె కూడా బాలింతే. వెంటనే చేను పనికి పంపకండి.

మన దేశంలో ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే మరణ సెలవు చట్టం లేదు. తెలంగాణలో దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు క్యాజువల్ లీవు ఉంది. చావుకైనా దానినే వాడుకోవాలి. అర్హత గల ఉద్యోగినికి గర్భస్రావమైతే జీతంతో 6 వారాల సెలవు 1961 ప్రసూతి చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. 2022 సెప్టెంబరులో కేంద్రం తన మహిళా ఉద్యోగులకు, బిడ్డ చనిపోయి పుట్టినా, పుట్టిన వెంటనే పోయినా, కొన్ని షరతులతో 60 రోజుల సెలవు ఇచ్చింది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుండి 18 ఏళ్ళలోపు బిడ్డ పోతే ఉద్యోగులైన తల్లిదండ్రులకు 2 వారాల సెలవు హక్కు.

ఇద్దరు పనివాళ్ళున్న చిన్న దుకాణదారుకు ఇది భారమే. అయినా ఐదు రోజులు చట్టంలో ఉంటే ఎవరూ బతిమాలుకోనక్కరలేదు. యోసేపు అంతటివాడే తండ్రిని పాతిపెట్టడానికి ఫరోను అనుమతి అడిగాడు. ఫరో వెళ్ళమన్నాడు. యోసేపు ఏడు దినాలు దుఃఖించి, తండ్రిని సమాధి చేసి, తిరిగి ఐగుప్తుకు వచ్చాడు (ఆదికాండము 50).

అడ్వాన్సు తీసుకొని గుంపు మేస్త్రీ వెంట వలసపోయిన కూలీకి సెలవు చట్టం అందడం కష్టం. అతనికి పని లేని రోజు కూలి లేదు. అక్కడ సంఘమే ఆదుకోవాలి. ఆదరణ కూడిక భోజనాలకు పెట్టే ఖర్చులో కొంత ఆ ఇంటి బియ్యానికి, మందులకు ఇవ్వండి.

రెండు వారాలు దాటినా తినక, నిద్రపోక ఉంటే ఆసుపత్రికి తీసుకురండి. చనిపోతానని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకురండి. టెలి మానస్ 14416కు ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

దేవుడు మీ గృహాలకు ఆదరణ దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్