మాటను భద్రపరచుకొనుట: చేతి వాయిస్ రికార్డరు ఎట్లా ఎంచుకోవాలి?



రేడియో వర్తమానములను ఈ పత్రికలో చదివే మీలో కొందరు ఒకే ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, మీటింగులకు, ఇండ్ల దర్శనములకు వెంట తీసుకొనిపోను ఏ రికార్డరు కొనాలె? చేతిలో ఫోను ఉండంగ అది అవసరమా?" ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు చెప్పుదును. అయితే ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను.

పెద్దేముల్ దగ్గరి ఒక గ్రామములో మా సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు. ఎనభై ఏండ్లు దాటిన మనిషి. ఒక సాయంకాలము ఆయన, "నేను పోయినంక ఇదంత ఎవలు చెప్తరు అయ్యగారూ, రాసుకోండ్రి" అన్నాడు. నేను ఫోనులో రికార్డింగు పెట్టి మంచము మీద ఉంచాను. గంటకు పైగా మాట్లాడాడు. ఆ ఊరిలో మొదట కూడుకొన్న కుటుంబములు ఏవి, కరువు ఏడు ఏమి తిని బ్రదికారు, మందిరానికి నాపరాళ్ళు ఎవరి బండి మీద వచ్చాయి, అన్నీ చెప్పాడు. ఇంటికి వచ్చి వింటే పదకొండు నిమిషములే ఉన్నది. మధ్యలో ఎవరో ఫోను చేయగా రికార్డింగు అక్కడే ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషములలో కూడ ఫ్యాను చప్పుడే ఎక్కువ. మరల పోయి అడుగుదామనుకొన్నాను. పనులలో మూడు వారములు గడిచిపోయాయి. నాలుగవ వారము ఆయన భూస్థాపనకు వెళ్ళాను.

యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు కోసి నిప్పులో వేశాడు. ప్రవక్త బ్రదికియున్నాడు గనుక మరల చెప్పాడు, బారూకు మరల వ్రాశాడు. మన పెద్దల మాట పోతే మరల చెప్పువారు లేరు. కాబట్టి ఈ చిన్న యంత్రమును ఎంచుకొనుట చిన్న సంగతి కాదు.

ఫోను పనికిరాదని నేను చెప్పుట లేదు. పది నిమిషముల మాటకు అది చాలును. ఫ్లైట్ మోడ్‌లో పెడితే కాల్స్ అడ్డు రావు. అయితే రోజంతా వాడిన ఫోనులో సాయంత్రానికి చార్జింగు ఉండదు, ఫొటోలు వీడియోలతో స్థలము నిండిపోయి ఉంటుంది. రికార్డరుకు ఒకటే పని. ఆ పని అది మానదు. కొనేటప్పుడు ఈ సంగతులు గమనించండి.

మొదటిది, బ్యాటరీ. సోనీ ఐసీడీ-పీఎక్స్470, జూమ్ హెచ్1ఎన్ వంటివి రెండు సన్న సెల్లులతో, అనగా ట్రిపుల్ ఏ సెల్లులతో నడుస్తాయి. అయిపోతే కిరాణా కొట్టులో కొని వేసుకోవచ్చు. లోపలే చార్జింగు బ్యాటరీ ఉన్నవి చూడ ముచ్చటగా ఉంటాయి గాని కొన్ని ఏండ్లకు ఆ బ్యాటరీ బలహీనపడుతుంది, మార్చుట కష్టము. గ్రామములు తిరుగువారికి సెల్లులదే మేలు.

రెండవది, ఫైలు రకము. 128 కేబీపీఎస్ ఎంపీ3లో గంట మాటకు సుమారు 58 ఎంబీ పడుతుంది. 4 జీబీలో దాదాపు 60 గంటలు పట్టును. కమిటీ మీటింగులకు, ఇంటి మాటలకు ఇది చాలును. సీడీ నాణ్యతగల వేవ్ ఫైలుకు గంటకు 635 ఎంబీ కావాలి, అదే 4 జీబీలో ఆరు గంటలు కూడ పట్టదు. అయినను రేడియోకు పంపవలసిన వర్తమానమును వేవ్‌లోనే తీయండి. ఎంపీ3 చేసేటప్పుడు కొంత ధ్వని తీసివేయబడుతుంది, అది తిరిగి రాదు. కాబట్టి రెండు రకములు ఉండి, మెమరీ కార్డు వేసుకొను వీలున్న రికార్డరు తీసుకోండి.

మూడవది, మైకు. ఎంత ఖరీదైన రికార్డరైనా దూరమును జయించలేదు. అడుగు దూరములో ఉన్నదానిని రెండడుగులకు జరిపితే మాట బలము నాలుగవ వంతుకు తగ్గుతుంది, ఫ్యాను చప్పుడు మాత్రము అంతే ఉంటుంది. తాండూరు వైపు నాపరాళ్ళ పాలిషింగ్ మిషన్ల దగ్గర నివసించువారికి ఈ బాధ తెలియును. బయటి మైకు పెట్టుకొను రంధ్రము తప్పక ఉండాలి. కాలరుకు తగిలించే చిన్న మైకు, గాలికి అడ్డుగా స్పాంజి తొడుగు కొనుక్కోండి. తక్కువ స్థాయి గుంయ్ మను ధ్వనిని తగ్గించే లో-కట్ మీట ఉంటే మరీ మంచిది.

నాలుగవది, కంప్యూటరుకు కలుపుట. పాత సరుకు చవకగా దొరుకుతున్నదని తొందరపడవద్దు. 2000 దశకములో వచ్చిన కొన్ని చవక రికార్డర్లకు కంప్యూటరుకు కలిపే దారే లేదు. కొన్ని డీఎస్ఎస్ వంటి ప్రత్యేక ఫైలులో దాచుకొంటాయి, దానికి వేరే సాఫ్టువేరు కావాలి. ఒలింపస్ పేరు మీద పాతవి ఇంకా కనబడతాయి. ఆ సంస్థ ఆడియో వ్యాపారము 2021 నుండి ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ చేతిలో ఉన్నదని కొనేవారు తెలిసికొనవలెను.

ఐదవది, మీటలు. రికార్డింగు నడుచుచున్నదని తెలిపే ఎర్ర దీపము, జేబులో మీటలు నొక్కుకుపోకుండ హోల్డ్ మీట, కళ్ళజోడు లేకున్నా చదవగల అక్షరములు ఉన్నవా చూడండి. మాట వినబడినప్పుడే రికార్డు చేసే సదుపాయమును ఆపివేయండి. అది వాక్యము మొదటి అక్షరములను మింగివేస్తుంది. కొట్టులోనే రెండు నిమిషములు రికార్డు చేసి, మీ ఇయర్‌ఫోనుతో విని, అప్పుడు డబ్బు ఇవ్వండి.

కొన్న తరువాత క్రమము ముఖ్యము. తేదీ, సమయము సరిచేయండి. ఆ రాత్రే ఫైలును కంప్యూటరులోనికి, ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, ఊరి పేరు, తేదీ వేయండి. రెండు చోట్ల చేరేవరకు రికార్డరులోనిది చెరపవద్దు.

చివరి మాట. అడుగకుండ ఎవరి మాటయు రికార్డు చేయవద్దు. దీపము కనబడేటట్లు యంత్రమును ఎదుట పెట్టండి. మనిషి తన గుండెలోని భారము చెప్పుకొనుటకు వచ్చినప్పుడు దానిని ఆపి సంచిలో పెట్టివేయండి. దాచవలసిన మాటలున్నవి, మన చెవితోనే ఆగిపోవలసిన మాటలు కూడ ఉన్నవి. ఈ తేడా ఏ యంత్రమును నేర్పదు.

నా దగ్గర ఆ పదకొండు నిమిషములు ఇంకను ఉన్నవి. ఫ్యాను చప్పుడు వెనుక ఆ పెద్దాయన బండివాని పేరు చెప్పబోతాడు, అక్కడ ఆగిపోతుంది. మీ ఊరిలో అటువంటి పెద్ద ఒకరు ఉంటే రికార్డరు కొనేవరకు ఆగవద్దు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపి, దగ్గరగా కూర్చొని ఈ వారమే అడగండి.