షోయబుల్లాఖాన్ పత్రికారచన: భాష, పాఠకుడు, ప్రతిఘటన

1947–48 నాటి హైదరాబాద్ సంస్థాన చరిత్రను రెండు మతాల మధ్య ఘర్షణగా కుదించి చెప్పే ధోరణి ఒకటుంది. అది ఎంత అసమగ్రమో ఉర్దూ పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ జీవితం స్పష్టం చేస్తుంది.

ఖమ్మం ప్రాంతంలో 1920లో జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. ప్రభుత్వోద్యోగానికి అర్హత ఉన్నా పత్రికారంగాన్నే ఎంచుకున్నారు. ‘తేజ్’లోనూ, తరువాత మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లోనూ పనిచేశారు. నిజాం ప్రభుత్వం ‘రయ్యత్’ను నిషేధించగా, బూర్గుల రామకృష్ణారావు ప్రభృతుల తోడ్పాటుతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రికను స్థాపించారు. ఆ పేరుకు ‘నేడు’ అని అర్థం.

ఇక్కడ భాష ప్రధానాంశం. ఉర్దూ నాటి రాజభాష. పాలకవర్గమూ రజాకార్ల సమర్థకులూ చదివే భాష. తెలుగులో వచ్చిన విమర్శను పరాయి స్వరంగా తోసిపుచ్చడం వారికి సులభం. అదే విమర్శ ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుని కలం నుండి వెలువడినప్పుడు ఆ సాకు చెల్లదు. రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థిస్తూ ఆయన రాశారు. విలీనాన్ని కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ ప్రచురించింది.

ఆగస్టు 21 అర్ధరాత్రి, కార్యాలయం నుండి ఇంటికి వెళుతున్న ఆయనపై కాచిగూడ ప్రాంతంలో దుండగులు కాల్పులు జరిపి, చేతిని నరికారు. గాయాలతో ఆయన మరణించారు. నెల తిరగకముందే, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

రాసే చేతినే లక్ష్యంగా చేసుకున్న ఆ హత్య ‘ఇమ్రోజ్’ ప్రభావానికి ప్రత్యర్థులే ఇచ్చిన సాక్ష్యం. కనుక ఆయనను అమరునిగా స్మరించడంతో సరిపెట్టక, సంస్థానంలోని ఉర్దూ ప్రజాస్వామిక పత్రికారచనా సంప్రదాయానికి ప్రతినిధిగా అధ్యయనం చేయవలసి ఉంది.