నర్సుల చదువు - రోగుల మాట

శ్రీకాకుళము జిల్లా యుత్తరభాగమున, సముద్రమునకును మహేంద్రగిరికిని నడుమ, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన నేలకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే యిట్లు మాఱినదని చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా సంసారములను కూల్చుచున్నది. కారణమిది యని శాస్త్రజ్ఞు లింకను తేల్చలేదు. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా మంచినీరు తెచ్చు పథకమును ప్రారంభింపబడినవి. భవనము వచ్చినది, యంత్రములు వచ్చినవి, నీరు వచ్చినది. రోగితో మాటలాడు మాటను గూర్చి విచారించినవారు మాత్రము మిక్కిలి కొలదిమంది.

జ్వరము వచ్చినవానికి మందిత్తురు, తగ్గును, వాడింటికి పోవును. మూత్రపిండముల వ్యాధి, మధుమేహము, రక్తపోటు అట్టివి కావు. డయాలసిస్ చేయించుకొను రోగి వారమునకు రెండు మూడు మారులు, మారునకు నాలుగు గంటల చొప్పున యంత్రము ప్రక్క పరుండును. వారమున 168 గంటలు గదా. అందు హెచ్చుగా 12 గంటలు ఆసుపత్రివి. తక్కిన 156 గంటలును ఇంటివి. ఆ యింట నేమి తినవలయునో, ఎంత త్రాగవలయునో, ఏ చేతితో బరువెత్తరాదో చెప్పి పంపవలసినది వైద్యునికంటె నెక్కువగా నర్సు. దీర్ఘవ్యాధియందు నర్సు మాటయే సగము మందనిన నతిశయోక్తి కాదు.

ఆ మాట నామెకు నేర్పిన దెవరు? జనరల్ నర్సింగు మూడేండ్ల చదువు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు. రెంటను పాఠమును, పరీక్షయు నింగ్లీషుననే. ఫ్లూయిడ్ రెస్ట్రిక్షన్ అని చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న బాలిక వార్డులో నిలిచి "నీళ్ళు తక్కువ త్రాగండి" అని చెప్పును. రోగి బుద్ధిమంతుడే. బిందెలోని నీళ్ళు తగ్గించును. ఉదయము అంబలి, మధ్యాహ్నము మజ్జిగ, సాయంకాలము టీ, నడుమ గంజి యథావిధిగా త్రాగును. ఇవి నీళ్ళని అతనికెవ్వరును చెప్పలేదు. అతని భాషలో నివి నీళ్ళు కావు గూడ. రెండునాళ్ళకు ఒంటికి నీరుపట్టి, ఆయాసముతో మరల వచ్చును. చెప్పిన మాట వినలేదని కేసుషీటున వ్రాయుదురు.

అంతకంటె చిక్కు మఱియొకటి కలదు. ఎండలో తోటపని చేయు ఆరోగ్యవంతులకు మంచినీరు విరివిగా త్రాగుమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పుదురు. డయాలసిస్ రోగికి త్రాగవద్దందురు. రెండును నిజమే. కాని కొడుకు కొకమాట, తండ్రి కొకమాట ఒకే వసారాలో వినబడినచో ఆ యిల్లాలు దేనిని నమ్మవలయును? ఎవరికెందుకో విడదీసి చెప్పుట కింగ్లీషు పుస్తకమున నొక వాక్యము చాలును. తెలుగున చెప్పుటకు నేర్పు కావలయును.

కొబ్బరినీళ్ళ సంగతి మఱింత కష్టము. మనకు కొబ్బరినీళ్ళు చలవ. రోగిని చూడబోవువాడు బొండము పట్టుకొని పోవుట మర్యాద. ఉద్దానమున పెరటిలోనే చెట్టుండును. ఆ నీళ్ళలోని పొటాషియము పాడైన మూత్రపిండములవలన బయటికి పోక గుండెనాపగలదని తెలియనివాడు ప్రేమతోనే విషమిచ్చుచున్నాడు. ఇట నర్సు "వద్దు" అనిన చాలదు. చలవ యేల కీడగునో చెప్పవలయును. కూరలలోని పొటాషియమును తగ్గించు పద్ధతిని లీచింగు అని పుస్తకమున చదువుదురు. ముక్కలు తఱిగి, ఎక్కువ నీళ్ళలో నుడికించి, ఆ నీరు పాఱబోయుటయే అది. అన్నము వార్చినట్లు కూర వార్చుడనిన మన యాడువారికి అరనిమిషమున తెలియును. వార్చుట యను క్రియ మన వంటయింట నెల్లవారికిని వచ్చును. మన నర్సింగు పుస్తకమునకే రాలేదు.

నొప్పి మాటలును నట్టివే. పోటు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి, గుంజు - వీనిలో నొక్కొక్కటి యొక్కొక్క బాధను దెలుపును. వైద్యునకొక్కొక్క దారి చూపును. ఇవన్నియు షీటుమీద పెయిను అను నొక్కమాటగా మాఱును. సున్ననుండి పదివఱకు నంకె చెప్పుమని ముసలమ్మ నడిగిన, ఆమె తెల్లబోవును. రూపాయిలో ఎంత తగ్గినదని యడిగిన, ముప్పావలా తగ్గిన దనును. "ఒంటికి పోలేకున్నాను" అనిన నేమియో తెలియని నర్సు మూత్రపిండముల వార్డున నుండుట ప్రమాదము. గుండెమంటను గుండెపోటనుకొనుట ఇంకొక ప్రమాదము.

భాష యొక్కటియే కాదు, ఆచారము నున్నది. డయాలసిస్ కొఱకు చేతి రక్తనాళములు కలిపి ఫిస్టులా చేయుదురు. ఆ చేతిమీద బిగువైన దేదియు నుండరాదు; దినదినము వ్రేళ్ళుంచి అదురు తెలియుచున్నదో లేదో చూచుకొనవలయును. గాజులు తీయుమనవలసి వచ్చును. భర్త బ్రదికియున్న స్త్రీతో గాజులు తీయుమని తొందరపాటున నన్నచో, ఆమె చెవి కది యెట్లు వినబడునో తెలుగు పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండవచేతికి నిండుగా తొడిగించి, ఆ పిమ్మట దీనిని తీయించిన పెద్ద నర్సులు లేకపోలేదు. అది వారు పుస్తకమున చదివినది కాదు.

అమెరికాలో మాడెలీన్ లైనింజర్ అను నర్సు 1950 దశకమున సిన్సినాటిలో పిల్లల మానసిక చికిత్సాగృహమున పనిచేయుచు, వేఱువేఱు జాతుల పిల్లలు ఒకే సేవకు వేఱువేఱుగా స్పందించుట గమనించెను. పిదప న్యూగినీ కొండలలో గాడ్సుప్ జనులనడుమ నివసించి, సంస్కృతి నెఱిగి సేవచేయుటను నర్సింగులో నొక శాఖగా నెలకొల్పెను. ఆమె పేరు మన విద్యార్థినులు చదువుదురు. కాని న్యూగినీ వఱకు పోనక్కఱలేదు. తెలుగు ద్రావిడము, ఇచ్ఛాపురమున వినబడు ఒడియా ఆర్యభాష, మందస కొండల సవర ముండా కుటుంబమునకు చెందినది. మూడు భాషాకుటుంబము లొక్క జిల్లాలో కలిసినవి.

ఈ సవరభాషకు గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. కొండజ్వరమునకు క్వినైను మ్రింగి మ్రింగి వినికిడి పోగొట్టుకొనిరి. గ్రాంథికము వ్రాయు మావంటివారితో జీవితాంతము పోరాడిన మహనీయు డాయన. ఈ విషయమున నాయనకు నమస్కరించుట తప్ప మాకు గత్యంతరము లేదు. ఆయన గతించి ఎనుబదియేండ్లు దాటినను, సవర వృద్ధురా లాసుపత్రికి వచ్చినపుడు బడికి పోవు మనుమడే దుబాసి. "ఇక జీవితాంతము యంత్రమే" యను మాటను ముందు వినవలసినవాడు, విని నాయనమ్మకు చెప్పవలసినవాడు ఆ పదేండ్ల బాలుడు.

ఇంగ్లీషు తీసివేయుడని మేము చెప్పము. మందుల పేరులు, మోతాదులు ఒక భాషలో నుండుట క్షేమము. పరదేశములకు పోవు నర్సులకును నది కావలయును. ఉస్మానియాలో వైద్యమును సైత ముర్దూలో బోధించిరి. దేశభాషయే యైనను పల్లెటూరి తెలంగాణ రోగి కది పరభాషయే గదా. కావున బోధనభాష మార్చిన మాత్రమున పని తీఱదు. మన యాసుపత్రులలో మలయాళ నర్సులు పడకల ప్రక్కనే తెలుగు నేర్చి చక్కగా పలుకుచున్నారు; తెలుగు పిల్లలకు రోగులతో మాటలాడు తెలుగు రాకున్న నది వారి తప్పు కాదు.

పరీక్షకులు ప్రయోగపరీక్షలో నొక పని చేయవచ్చును. విద్యార్థిని పథ్యమును రోగికి రోగి మాటలలో చెప్పవలయును. రోగి తిరిగి తన నోట సరిగా చెప్పినపుడే మార్కులు వేయవలయును. మొదటి సంవత్సరమునుండియే వార్డులో విన్న మాటలు - తెలుగు, ఒడియా, సవర, రాయలసీమలో హైదరాబాదులో ఉర్దూ - పుస్తకమున వ్రాయించవలయును. సవర యింటి పిల్ల యొకతె నర్సింగు చదివి వచ్చినచో, ఆమె భాష నొక యోగ్యతగా నెంచి పలాసవంటి చోట నియమింపవలయును. ఉద్యోగపు దరఖాస్తు కాగితమున నందుకొక గడి యుండిన చాలును.