భార్యాభర్తలు కలిసి వెళ్ళవలసిన వైద్యం

పంటినొప్పి వస్తే పక్కింటావిడకు చెప్పుకుంటాం. మోకాళ్ళు నొప్పి చేస్తే రైల్లో ఎదురుగా కూర్చున్నావిడకు కూడా చెప్పుకుంటాం. ఆవిడ ఏ నూనె రాసుకోవాలో చెపుతుంది. కాని పడకగదిలో వచ్చిన ఇబ్బందిని కన్నతల్లికి చెప్పుకోవాలన్నా నోరు రాదు. ధైర్యం చేసి చెప్పినా, "కొత్తలో అంతేనమ్మా, ఒక బిడ్డ పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి" అనేస్తారు. కొన్ని సర్దుకుంటాయి, నిజమే. మరి సర్దుకోనివాటి మాటేమిటి?

వాటికీ వైద్యం ఉంది. దాన్ని సెక్స్ థెరపీ అంటారు. దాంపత్యానికి సంబంధించిన కౌన్సెలింగు కూడా అందులో కలిసే ఉంటుంది. ఈ పేరు వినగానే కొందరు చెవులు మూసుకుంటారు. కొందరు, అక్కడేదో జరగరానిది జరుగుతుందని భయపడతారు. అసలక్కడ ఏం జరుగుతుందో ఈవేళ మనం చెప్పుకుందాం.

ఒక జంటను ఊహించుకోండి. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఒకరంటే ఒకరికి ఇష్టమే. కాని అతను దగ్గరకు వచ్చేసరికి ఆ అమ్మాయి ఒళ్ళు బిగుసుకుపోతుంది, భరించలేని నొప్పి పుడుతుంది. ఇంతవరకు కలయిక జరగనేలేదు. ఆ సంగతి ఆ ఇద్దరికే తెలుసు. అత్తగారు మాత్రం నెలనెలా "విశేషం ఏమైనా ఉందా అమ్మాయీ?" అని అడుగుతూనే ఉన్నారు. మొక్కులు మొక్కారు, స్కానింగులు తీయించారు. చివరకు గుట్టు బయటపడింది. పిల్ల మొండిదని అత్తవారివైపు వాళ్ళూ, పిల్లవాడే చేతకానివాడని పుట్టింటివైపు వాళ్ళూ మాటలు విసురుకుని, పెద్దమనుషుల్లో పెట్టేదాకా తెచ్చారు.

నిజానికి అది మొండితనమూ కాదు, చేతకానితనమూ కాదు. యోని చుట్టూ ఉండే కండరాలు ఆమె ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి. కంటికేదో తగలబోతే రెప్ప దానంతటదే మూసుకుంటుంది చూడండి, అలాగన్నమాట. రెప్ప ఎందుకు మూశావని మనం ఎవరినీ కోప్పడం గదా! డాక్టర్లు దీన్ని వెజైనిస్మస్ అంటారు. చికిత్స తీసుకుంటే చాలామందికి నయమవుతుంది. ఇది తెలియక ఎన్ని కాపురాలు విడిపోతున్నాయో ఆలోచించండి.

ఈ వైద్యం ఇప్పుడున్న రూపానికి రావటానికి ముఖ్యకారకులు అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో పనిచేసిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు. ఆయన స్త్రీల వైద్యుడు, ఆవిడ ఆయనతో కలిసి పరిశోధన చేసిన మనిషి. 1970లో వాళ్ళు తమ చికిత్సాపద్ధతిని పుస్తకంగా ప్రకటించారు. వాళ్ళు గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. ఇబ్బంది ఎవరి శరీరంలో కనిపించినా వైద్యం జంటకు చెయ్యాలి, ఒక్కరికి కాదు. అంచేత భార్యాభర్తలిద్దరినీ పిలిచి, ఒక పురుషుడూ ఒక స్త్రీ కలిసి రెండు వారాలపాటు రోజూ చికిత్స చేసేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఒక్క థెరపిస్టే ఉంటారు. వారానికో, రెండు వారాలకో ఒకసారి వెళ్ళవలసి ఉంటుంది. పద్ధతి కాస్త మారినా, జంటకు వైద్యం అన్న మూలసూత్రం మారలేదు.

ఇహ మన జంట మొదటిరోజు వెళ్ళారనుకోండి. అది మామూలు కన్సల్టేషను గదే. కుర్చీలుంటాయి, మాటలుంటాయి. సుమారు ముప్పావుగంటో, గంటో మాట్లాడతారు. ఇబ్బంది ఎప్పటినుంచి, మొదట ఎలా తెలిసింది, ఇంట్లో మీకు వేరే గది ఉందా, నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, చిన్నతనంలో ఈ విషయాల గురించి ఏం విన్నారు అని అడుగుతారు. ఇద్దరినీ కలిపి అడిగిన తరువాత విడివిడిగా కూడా మాట్లాడతారు. భర్త ఎదుట చెప్పలేనిది అప్పుడు చెప్పవచ్చు. విడిగా చెప్పిన మాటను రెండోవారికి చెపుతారా, చెప్పరా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. అలా అడగటం మీ హక్కు. మానసిక వైద్యం పొందేవారి వివరాలు గుట్టుగా ఉంచాలని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెపుతోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. థెరపీ గదిలో బట్టలు విప్పమనటం ఉండదు. అక్కడే చేసి చూపించమనటం ఉండదు. థెరపిస్టు మిమ్మల్ని కామభావంతో తాకటం అసలే ఉండకూడదు. అలాంటిదేదైనా జరిగితే అది వైద్యం కాదు, నేరం. లేచి వచ్చేసి ఫిర్యాదు చెయ్యాలి. శరీర పరీక్ష అవసరమైతే అది డాక్టరు చేస్తారు, మీ అనుమతితో, ఆడమనిషి ఒకరు తోడు ఉండగా. "నొప్పిగా ఉంది, ఆపండి" అంటే ఆపాలి.

పరీక్షలు ఎందుకంటారా? మనసుదే తప్పు అనుకునే ముందు శరీరాన్ని కూడా చూడాలి గనక. షుగరు, థైరాయిడు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు, మనోవ్యాధులకు వాడే కొన్ని మందులు కోరికమీదా, శక్తిమీదా ప్రభావం చూపిస్తాయి. అలాగని మందులు మీ అంతట మీరు మానెయ్యకండి. డాక్టరుగారు మార్చి ఇస్తారు. మగవారిలో అంగస్తంభన తగ్గటం ఒక్కొక్కసారి షుగరుకో, గుండె రక్తనాళాల జబ్బుకో ముందస్తు గుర్తు కావచ్చు. సిగ్గుపడి దాచిపెడితే అసలు జబ్బు కూడా దాగి కూర్చుంటుంది. ముట్లుడిగిన తరువాత ఆడవారికి యోని పొడిబారి నొప్పి రావటం కూడా మామూలే. "ఈ వయసులో ఇంకా ఏమిటి" అని పళ్ళబిగువున ఓర్చుకోనక్కర్లేదు. దానికి పైపూత మందులున్నాయి.

తరువాత వచ్చేది ఇంటిపాఠం. ఇదే చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. థెరపిస్టు మొట్టమొదట చెప్పేది, "కొన్నాళ్ళు కలయిక ప్రయత్నమే వద్దు" అని! ఎంచేతనంటే ప్రతి రాత్రీ ఒక పరీక్షలా తయారై, తప్పుతామేమోనన్న భయంతోనే తప్పుతుంటారు. ఆ పరీక్షను ముందు రద్దు చేస్తారన్నమాట. వారానికి రెండు మూడుసార్లు, అరగంట చొప్పున, ఒకరి చేతులు, వీపు, జుట్టు ఒకరు నెమ్మదిగా నిమరాలి. ఏది హాయిగా ఉంది, ఏది లేదు అన్నది చెప్పుకోవాలి. రొమ్ములు, మర్మాంగాలు మొదట్లో ముట్టుకోకూడదు. కొన్ని వారాలకు, ఇద్దరికీ బెరుకు తగ్గాక, వాటిని కూడా కలుపుకుంటారు. దీనికి సెన్సేట్ ఫోకస్ అని పేరు. మనం స్పర్శాభ్యాసం అనుకోవచ్చు.

మన జంటలో అమ్మాయికి దీనితోపాటు ఇంకో అభ్యాసం ఉంటుంది. ముందు తన శరీర నిర్మాణం బొమ్మ చూసి తెలుసుకుంటుంది. ఆ కండరాలను కావాలని బిగించి వదలటం నేర్చుకుంటుంది. తరువాత తన వేలితో, ఆపైన డైలేటర్లనే నున్నటి సాధనాలతో, సన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది. కొంతకాలానికి భర్త కూడా అందులో పాలుపంచుకుంటాడు. ఎప్పుడు ముందుకు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో ఆమే చెపుతుంది. అతని పని ఆ మాట వినటం. భార్య గదా అని బలవంతం చేసినకొద్దీ ఆ బిగువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

మరి ఉమ్మడి కాపురంలో, హాల్లో మామగారు, పక్కగదిలో ఆడబిడ్డ ఉండగా ఈ అరగంట ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నే థెరపిస్టును అడగండి. ఇంటి పరిస్థితినిబట్టి వేళలు నిర్ణయించటం, అవసరమైతే పెద్దలకు ఏం చెప్పాలో, ఏం చెప్పక్కర్లేదో ఆలోచించటం కూడా వారి పనిలో భాగమే.

ఎన్నాళ్ళు పడుతుంది? కొందరికి కొన్ని వారాలు, కొందరికి నెలలు. ఒక వారం బాగుండి, మరుసటి వారం మళ్ళీ మొదటికి వచ్చినట్టుంటుంది. అప్పుడే చాలామంది మానేస్తారు. మానకండి. ఆ వారం ఏం జరిగిందో చెప్పుకోవటానికే వెళ్ళాలి.

మగవారికి వచ్చే శీఘ్రస్ఖలనం వంటి బాధలకూ ఇలాంటి అభ్యాసాలే ఉన్నాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి. కాని మన వీధిగోడలమీద, బస్‌స్టాండులో, ఇప్పుడు సెల్‌ఫోన్లలో కూడా కనిపించే ప్రకటనలు ఎక్కువగా వల వేసేది ఈ భయాలమీదే. ధాతువు పోతే బలం పోతుందని కుర్రవాళ్ళను బెదరగొట్టి వేలకు వేలు గుంజుతారు. ఈ భయంతో కుంగిపోయేవారిని చూసి ఎన్.ఎన్. విగ్ అనే మన మనోవైద్య నిపుణుడు 1960లోనే దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అలా వీర్యం పోవటంవల్ల ఒంట్లో బలమేమీ పోదు. దాంపత్య శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వటాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇంకొకటి, సిల్డెనాఫిల్ అనే మాత్రను స్నేహితుడిచ్చాడని వేసుకోకూడదు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు అది మింగితే రక్తపోటు పడిపోయి ప్రాణంమీదికి వస్తుంది.

అయితే ఈ వైద్యం అన్నిటికీ మందు కాదు. ఇంట్లో కొట్టటం, భయపెట్టటం ఉంటే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించటం క్షేమం కాదు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికి వచ్చాక దెబ్బలు తినవలసి రావచ్చు. అలాంటివారు ముందు 181 నంబరుకు ఫోను చెయ్యాలి. అది మహిళల సహాయం కోసమే ఉంది. థెరపిస్టు న్యాయమూర్తి కూడా కాదు, తప్పు ఎవరిదని తీర్పు చెప్పరు. కలిసే ఉండాలని ఒత్తిడి చెయ్యరు, విడిపొమ్మనీ అనరు.

ఎక్కడికి వెళ్ళాలి? ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. "పిచ్చాసుపత్రికి మేమెందుకు?" అనుకోకండి. మామూలు సంసారులు కూడా అక్కడ సలహా తీసుకుంటారు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 14416 ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రైవేటుగా వెళ్ళేటప్పుడు, చూసేవారు సైకియాట్రిస్టా, క్లినికల్ సైకాలజిస్టా, ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని మొహమాటపడకుండా అడగండి.

మొదటిరోజు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు తీసుకువెళ్ళండి. చెప్పాలనుకున్నవి ఒక కాగితంమీద రాసుకోండి. మాట పెగలకపోతే ఆ కాగితమే డాక్టరుగారి చేతికి ఇవ్వవచ్చు.

ఇహ మీవారిని ఒప్పించటం ఎలా? "మీలో లోపం ఉంది, పదండి చూపిద్దాం" అంటే ఏ మగవాడూ కదలడు. "నాలోనే ఏదో ఉంది" అని నింద మీ నెత్తిన వేసుకోవటమూ వద్దు. ఇద్దరికీ తీరిక ఉన్న ఒక పగటిపూట, పోట్లాట లేని రోజు చూసి, "ఏమండీ, మనిద్దరం దీనివల్ల బాధపడుతున్నాం. ఒకసారి కలిసి వెళ్ళి మాట్లాడి వద్దామా?" అని అడగండి. వెంటనే ఒప్పుకోకపోతే పదిరోజులాగి మళ్ళీ అడగండి. అప్పటికీ రాకపోతే మీరొక్కరే వెళ్ళండి. ఒక్కరు వెళ్ళినా ఉపయోగం ఉంటుంది. మీరు వెళ్ళి వచ్చి, అక్కడ భయపడవలసిందేమీ లేదని చెపితే, రెండోసారి ఆయనే వెంట రావచ్చు.