ప్రకాశ, గుప్త ఎక్సిటాన్లు: గణనలో గుర్తింపు, తెలుగులో పేరు

వ్యాససంగ్రహం:
అర్ధవాహకాల్లో ఏర్పడే ఎక్సిటాన్లలో కొన్ని కాంతిని వెలువరిస్తాయి, కొన్ని వెలువరించవు. గణన ద్వారా ఈ రెంటినీ వేరుచేసే విధానాన్ని వివరించి, రెండో రకానికి 'చీకటి' కంటే 'గుప్త' అనే విశేషణం తగినదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎక్సిటాన్, సౌష్ఠవం, ఎంపిక నియమాలు, డోలక బలం, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో చిత్రానికి రంగులు దిద్దే పనిని 'డీఐ' అంటారు. ఆ పనిని ఓఎల్‌ఈడీ తెరపై చేసినప్పుడు రాత్రి దృశ్యంలోని నలుపు గాఢంగా కనిపిస్తుంది. అక్కడి పిక్సెల్ ఆరిపోయి ఉండటమే అందుకు కారణం. దానిలో విద్యుత్ ప్రవాహం లేదు, ఎక్సిటాన్ లేదు. వెలిగే పిక్సెల్ సంగతి వేరు. దానిలో పుట్టే ప్రతి నాలుగు ఎక్సిటాన్లలో, స్పిన్ గణాంకాల ప్రకారం, సుమారు మూడు త్రిక స్థితిలో ఉంటాయి. సాధారణ కర్బన పదార్థంలో ఇవి దాదాపుగా కాంతినివ్వవు. వీటినే ఆంగ్లంలో 'డార్క్' ఎక్సిటాన్లంటారు. తెరపై నలుపు లేమివల్ల కలిగింది; ఇవి మాత్రం ఉండీ కనిపించనివి. ఈ భేదమే ప్రస్తుత చర్చకు ఆధారం.

2. ఎక్సిటాన్ స్వరూపం:
అర్ధవాహకం కాంతిని గ్రహించినప్పుడు ఎలక్ట్రాన్ పై శక్తిపట్టీకి చేరి, కింద రంధ్రాన్ని వదులుతుంది. ఈ రెండూ పరస్పరం ఆకర్షించుకొని జంటగా నిలిస్తే అది ఎక్సిటాన్. ఈ భావనను 1931లో ఫ్రెంకెల్ ప్రతిపాదించాడు. జంట తిరిగి కలిసిపోయినప్పుడు ఫోటాన్ వెలువడాలంటే స్పిన్, ద్రవ్యవేగం, సౌష్ఠవం మూడూ అనుమతించాలి. ఏ ఒక్కటి అడ్డుపడినా ఆ పరివర్తన నిషిద్ధమవుతుంది.

3. సౌష్ఠవ విచారం - తెలుగునాట మూలాలు:
పదార్థ సౌష్ఠవాన్నిబట్టి ఏ పరివర్తన సాధ్యమో సమూహ సిద్ధాంతం ముందే చెబుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు 1939లోనే ఈ పద్ధతిని స్ఫటికాల రామన్ ఫలితానికి అన్వయించారు. 1948లో దానిపై ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. వారు పరిశీలించినవి పరమాణు కంపనాలు. ఎక్సిటాన్ల విషయంలోనూ తర్కం అదే.

4. గణనలో గుర్తింపు:
బేతే-సాల్పీటర్ సమీకరణాన్ని సాధిస్తే ప్రతి ఎక్సిటాన్ శక్తి, దాని డోలక బలం లభిస్తాయి. డోలక బలం గణనీయంగా ఉంటే ప్రకాశ ఎక్సిటాన్; శూన్యమైతే రెండో రకం. ఈ నిర్ణయంలో నాలుగు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, శోషణ వర్ణపటం ఒక్కటే చూడరాదు. అందులో ప్రకాశ స్థితులే శిఖరాలుగా కనిపిస్తాయి కనుక స్థితుల జాబితా మొత్తం పరిశీలించాలి. రెండవది, కాంతి ధ్రువణ దిశలన్నీ పరీక్షించాలి. టంగ్‌స్టన్ డైసెలెనైడ్ ఏకపొరలో పొర తలానికి సమాంతరమైన ధ్రువణానికి స్పందించని ఒక ఎక్సిటాన్, లంబ ధ్రువణానికి బలహీనంగా స్పందిస్తుంది. మూడవది, సమాన శక్తిగల స్థితుల డోలక బలాలను విడిగా కాక కలిపి లెక్కించాలి. నాలుగవది, శూన్య ద్రవ్యవేగానికే చేసిన గణనలో ఇతర ద్రవ్యవేగాల ఎక్సిటాన్లు అసలు రావు. జాబితాలో లేనిది పదార్థంలోనూ లేదనుకోవడం పొరపాటు.

ఈ పొరపాటు ఫలితాన్నే తలకిందులు చేయగలదు. పై ఏకపొరలో ఆ నిషిద్ధ స్థితి ప్రకాశ స్థితికి దాదాపు 40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన ఉంటుంది. చల్లబరిచేకొద్దీ ఎక్సిటాన్లు అక్కడికే చేరతాయి, వెలుగు తగ్గుతుంది. వర్ణపటాన్ని మాత్రమే నమ్మిన పరిశోధకుడు దీన్ని ఊహించలేడు.

5. పేరు విచారం:
'చీకటి' అంటే వెలుగు లేకపోవడం. 'కృష్ణ' అంటే నలుపు. నల్లని వస్తువు కాంతిని గ్రహిస్తుంది, ఈ ఎక్సిటాన్ కాంతితో నేరుగా చర్యే జరపదు. మన పాఠ్యపుస్తకాల్లోని 'గుప్తోష్ణం' ఇక్కడ దారి చూపుతుంది. మంచు కరిగేటప్పుడు గ్రహించిన వేడిని ఉష్ణమాపకం చూపదు. నీరు గడ్డకట్టేటప్పుడు అదే వేడి బయటపడుతుంది. ఎక్సిటాన్ కూడా అంతే. 1998లో బాల్డో, థాంప్సన్, ఫారెస్ట్ బృందం ప్లాటినం గల అణువుల ద్వారా త్రిక ఎక్సిటాన్ల నుంచి కాంతిని రాబట్టింది. బరువైన పరమాణువు స్పిన్ నిషేధాన్ని సడలించడమే దాని రహస్యం.

6. ముగింపు:
డోలక బలం శూన్యమని గణన చెబితే, ఆ పరిస్థితిలో, ఆ దిశలో కాంతి రాదని మాత్రమే అర్థం. స్థితి లేదని కాదు, ఎన్నటికీ వెలగదనీ కాదు. 'గుప్త ఎక్సిటాన్' అనే పేరు ఈ రెండు హెచ్చరికలనూ తనలోనే ఇముడ్చుకుంటుంది. పారిభాషిక పదం భావాన్ని మోయడంతోపాటు పొరపాటును నివారించగలిగితే, అది బోధనకూ పరిశోధనకూ మేలు చేస్తుంది.